చీమలు పట్టిన కారు

సత్యప్రియ కారు మీద రాలిన కొబ్బరి పూతని ఈనెల చీపురుతో కిందికి తోస్తోంది. పొద్దున్న కాఫీ తాగగానే రోజూ చేసే పనే. కారుకి తాటాకు పాక వేశారు కానీ, పాక చిన్నది. కారు ముందు సగం ఎప్పుడూ బయటే ఉంటుంది. ఆ సగం మీద చెట్టు రాత్రంతా తనకి నచ్చినవన్నీ రాలుస్తుంది.

"ఆ చీపురుతో ఊడిస్తే గీతలు పడతాయండి."

సత్యప్రియ తిరిగి చూసింది. గేటు దగ్గర ఒకతను నిలబడ్డాడు. భుజానికి బరువైన గుడ్డసంచి. చొక్కా మడతలు నలగలేదు, చేతి గోళ్ళ అంచుల్లో మాత్రం నలుపు.

"గీతలు లేని చోటు ఎక్కడుందో చూపించండి. అక్కడ ఊడవను," అంది.

అది ఎగతాళికి అన్న మాట. అతను నిజంగానే లోపలికి వచ్చి, కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి, వెనక నంబరు ప్లేటు పక్కన వంగి చూశాడు.

"ఇదిగోండి. ఇక్కడ లేవు," అన్నాడు, వేలితో జానెడు మేర చూపిస్తూ.

నవ్వు రాబోతే ఆపుకుని, సత్యప్రియ ఆ జానెడు చోటు వదిలేసి మిగతాదంతా ఊడ్చింది.

అతని పేరు నాగసతీష్. మస్కట్‌లో ఒక వర్క్‌షాపులో కొన్నేళ్ళు చేసి వచ్చి, కొత్తపేట రోడ్డులో కాలవ అవతల సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. సత్యప్రియ తండ్రి రాజబాబు కబురు పెడితే వచ్చాడు. రాజబాబుది కొబ్బరికాయల వ్యాపారం. ఏ పనైనా ఎవరికైనా అప్పగిస్తాడు కానీ ఈ కారుని మాత్రం షెడ్డుకి పంపడు. మెకానిక్కే ఇంటికి రావాలి.

"ఎంత దూరం వెళ్తారండి?" అని అడిగాడు సతీష్.

"సింధనూరు. కర్ణాటక," అన్నాడు రాజబాబు. "మనవాళ్ళు వెళ్ళి పొలాలు కొనుక్కున్న క్యాంపులు ఉన్నాయి కదా, అందులో ఒకదాంట్లో మా చినాన్న కొడుకు ఉన్నాడు. దారిలో అమ్మకి మంత్రాలయం చూపించాలి."

"ఇప్పుడెలా నడుస్తోందండి?"

"దీనికేం? అమలాపురం, రావులపాలెం నిద్రలో కూడా వెళ్ళొస్తది."

"రోజూ తిరిగే దారిలో ఏ బండైనా బానే నడుస్తదండి. కొత్త దారిలోనే దాని వయసు బయటపడేది," అని సతీష్ డ్రైవరు సీట్లో కూర్చుని మీటరు చూశాడు. "ఇంత తక్కువ తిరిగిందేంటండీ?"

"తక్కువ కాదు. అంకెలన్నీ అయిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలైంది," అన్నాడు రాజబాబు, కొడుకు ఫస్టు క్లాసులో పాసయ్యాడని చెప్పినట్టు.

ఆ రోజు నుంచి సతీష్ రోజూ రావడం మొదలుపెట్టాడు. పొద్దున్న షెడ్డు పని చూసుకుని, పొద్దువాలే వేళకి ఈ ఇంటికి వచ్చేవాడు. సత్యప్రియ అరుగు మీద పిల్లలకి లెక్కలు చెప్పే వేళ అది. పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆమె అరుగు మీదే కూర్చునేది. మాట్లాడటం కంటే చూడటం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. కుమ్మరి కుండ చేస్తున్నా, పక్కింటావిడ పూతరేకు తీస్తున్నా అలాగే నిలబడిపోయేది.

కానీ కారు లోపల ఇన్ని ఉంటాయని ఆమెకి తెలీదు.

ఒకరోజు సతీష్ ఒక నల్లటి డబ్బా మూత తీసి, "ఇటు రండి. ఒకటి చూపిస్తాను," అన్నాడు.

లోపల కొబ్బరి పీచు. గిన్నెలా గుండ్రంగా, మెత్తగా అల్లినట్టుంది.

"ఏంటిది?"

"ఎలక గూడండి. ఇంజన్‌కి గాలి వెళ్ళే దారి ఇది. మీ కారు ఇన్నాళ్ళూ ఎలక ఇంట్లోంచి ఊపిరి పీలుస్తోంది."

"ఎలక ఏదీ?"

"కొబ్బరికాయల వ్యాపారం కదండీ, బయటికి వెళ్ళుంటది."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు.

మరుసటి రోజు అతను ఒక రబ్బరు బెల్టు విప్పుతుంటే అడిగింది. "అది తెగలేదుగా. ఎందుకు తీసేస్తున్నారు?"

"ఇలా వెనక్కి వంచి చూడండి."

వంచితే సన్నని బీటలు కనిపించాయి, ఎండిన చెరువు అడుగులా.

"చెప్పి తెగదండి ఇది. తెగితే కర్నూలు దాటాక, చుట్టూ మనిషి లేని చోట తెగుద్ది. చెడ్డాక బాగుచెయ్యడం ఎవరైనా చేస్తారు. చెడక ముందే చెయ్యి పెట్టాలంటే బండి చెప్పేది కాస్త వినాలి."

"బండి చెబుతుందా?"

అతను జాకీ పెట్టి ముందు చక్రాన్ని లేపి, చేత్తో తిప్పాడు. "చెవి పెట్టండి."

ఆమె వంగి వింది. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు సన్నని గరగర.

"బేరింగు," అన్నాడు. "అరిగింది. రెండో చక్రం వినండి, తేడా తెలుస్తది."

రెండో చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. తలెత్తేసరికి అతను చక్రాన్ని కాక తననే చూస్తున్నాడని ఆమెకి తెలిసింది. ఇద్దరూ ఒకేసారి చక్రాన్ని చూశారు.

అన్నీ గమనించే ఆమెకి ఒక్క విషయం మాత్రం అంతుపట్టలేదు. సతీష్ ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ వరసలు పెట్టి పిలుస్తాడు. ఎదురింటి శ్యామ్ బాబు గారు బాబాయ్ గారు. పాలాయన మావయ్యగారు. నాయనమ్మ వీరాయమ్మ మామ్మగారు. ఇన్ని వరసలున్న మనిషి, రాజబాబుని మాత్రం "రాజబాబు గారండీ" అంటాడు, బ్యాంకు మేనేజరుని పిలిచినట్టు. నాన్నంటే భయమా? భయపడే మనిషిలా లేడే.

వీరాయమ్మకి ఇలాంటి సందేహాలు లేవు. రోజూ మంచం పాక పక్కకి లాగించుకుని, సతీష్‌తో కబుర్లు చెప్పేది.

"ఈ పచ్చ నీళ్ళేంటిరా అబ్బాయ్?"

"కూలెంట్ అండి, మామ్మగారూ. ఇంజన్ వేడెక్కకుండా చూసేది ఇదే. పాత నీళ్ళు కడిగేసి కొత్తది పోశాను. ఇదిగో, ఈ తెల్ల సీసాలో గీత దాకా ఉండాలి. నాలుగు రోజులు కాస్త దిగుద్ది. దిగినప్పుడల్లా ఈ డబ్బాలోది పొయ్యమని రాజబాబు గారికి చెప్పేను."

"వేడి చేసే బండన్నమాట."

"ఆయ్. వయసైన బండి కదండీ."

"అంత దూరం పెద్ద పని మీద వెళ్తున్నాం. జాగ్రత్తగా చూడు నాయనా," అంది వీరాయమ్మ. "మా పిల్లకి సంబంధం చూడ్డానికి. ఇల్లూ వాకిలీ నచ్చితే అక్కడే మాటలు అనేసుకుంటారంట. కుర్రాడికి బోల్డు మాగాణి."

సతీష్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. అరుగు మీద సత్యప్రియ తల వంచుకుని, ఎవరో పిల్లవాడు మర్చిపోయిన పలకని తుడవసాగింది.

కాసేపటికి స్పానర్ మళ్ళీ కదిలింది. ఆ తర్వాత ఆమె చూసింది మరీ వింతగా ఉంది. అతను బిగించిన నట్లనే మళ్ళీ బిగించి చూశాడు. నిన్న చూసిన బ్రేకుల్ని మళ్ళీ విప్పి చూశాడు. బాగున్న వైపర్లు కూడా మార్చాడు. సంబంధం సంగతి తెలిశాక పని ఇంకా శ్రద్ధగా చేస్తున్నాడు. ఎందుకు? త్వరగా పంపించేద్దామనా?

ఆ సందేహం ఆమెని రెండు రోజులు సరిగ్గా అన్నం తిననివ్వలేదు.

వాన పడిన సాయంత్రం అడిగేసింది. అతను కారు తలుపు గుడ్డతో తుడుస్తుంటే వాన ఒక్కసారిగా కుమ్మరించింది. పాక మధ్యలోనే పొడి చోటుంది. ఇద్దరూ కారుకి చెరో పక్కనా నిలబడ్డారు, మధ్యలో కారు టాపు. తాటాకుల మీద వాన చప్పుడికి మాట వినిపించాలంటే కాస్త ముందుకి వంగాలి.

"మిమ్మల్ని ఒకటి అడగనా?"

"అడగండి."

"అందర్నీ బాబాయ్ అంటారు, మావయ్య అంటారు. మా నాన్నగారిని ఏమీ అనరేంటి?"

అతను చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"బాబాయ్ గారంటే మీరు నాకు చెల్లెలవుతారండి."

వాన ఇంకాస్త పెరిగింది. లేక ఆమెకే అలా వినిపించిందేమో.

"మరి ఇంకో వరస ఉంది కదా," అంది, టాపు మీద నీటిబొట్టుని చూస్తూ.

"అది నా అంతట నేను అనుకునే వరస కాదండి. ఆయన ఇవ్వాలి."

ఆమె జీవితంలో అంత ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడు చేసింది.

"అయితే ఒక్క మాట చెప్పండి నాన్నగారికి. ఈ కారు అంత దూరం రాదని. మీరు చెబితే వింటారు."

సతీష్ కారుని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు.

"వస్తదండి ఇది. ఇప్పుడు సింధనూరేంటి, కాశీ అయినా వెళ్ళొస్తది."

"అది నాకూ తెలుసు. నేను అడిగింది అది కాదు."

"తెలుసండి మీరు అడిగింది." అతని గొంతు తగ్గింది. "నేను రాదని చెప్పేననుకోండి. రైల్లో వెళ్తారు. అప్పుడేం చెప్పను? పైగా ఒకసారి అబద్ధం ఆడితే, తర్వాత నేను చెప్పే మాట మీ నాన్నగారు ఎందుకు నమ్మాలి? ఆయనతో నాకింకో మాట చెప్పే పనుంది. ట్రయల్ అయ్యాక చెప్తాను. బండి విషయంలో నా మాట నిలబడితే, ఆ రెండో మాటకి కాస్త విలువుంటది కదండీ."

ఇన్నాళ్ళూ అతను మళ్ళీ మళ్ళీ బిగించిన నట్లన్నీ ఆమెకి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ట్రయల్‌కి అందరూ బయలుదేరారు. స్టీరింగ్ రాజబాబుది. పక్కన సతీష్. వెనక సత్యప్రియ, ఆమె తల్లి పద్మావతి, కిటికీ పక్కన వీరాయమ్మ. రావులపాలెం దాటి, గౌతమి వంతెన మీదుగా జొన్నాడ వెళ్ళి, అక్కడి నుంచి హైవే మీద కాస్త వేగంగా తోలి వెనక్కి రావాలని అనుకున్నారు.

రావులపాలెం దాకా కారు కొత్త పెళ్ళికొడుకులా నడిచింది. రాజబాబు ముఖంలో గర్వం అద్దంలో కనిపిస్తూనే ఉంది. వంతెన ఎక్కాక సతీష్ ముందుకి వంగి, డాష్‌బోర్డ్ చూశాడు.

"స్లో చెయ్యండి. ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి వెళ్తోంది."

వంతెన దిగీ దిగగానే కారు పక్కకి ఆపారు. బానెట్ లేపితే, తెల్ల సీసా మూత సందులోంచి నురగ పొంగుతోంది. పాలు పొంగినట్టు, తెల్లగా, ఆగకుండా.

సతీష్ అది చల్లారే దాకా ఏదీ ముట్టుకోలేదు. తర్వాత వేలి చివరతో కొంచెం నురగ తీశాడు. రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం అతని ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. కారు వెనక సీటు వైపు చూసి, దాన్ని మింగేశాడు.

ఆ నవ్వుని సత్యప్రియ చూసింది. రాజబాబూ చూశాడు.

"నవ్వొస్తోందా?" అన్నాడు.

"లేదండి."

"సంబంధం సంగతి నీ చెవిన పడేదాకా బాగానే ఉంది బండి. మా ఇంట్లో నీ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో నాకు తెలీదనుకున్నావా? మా ప్రయాణం ఆపడానికి నా బండే దొరికిందా నీకు?"

పద్మావతి మెల్లిగా, "ఏవండీ," అంది. రాజబాబు వినిపించుకోలేదు.

సతీష్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. మళ్ళీ వెనక సీటు వైపు చూశాడు. వీరాయమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ఆసక్తిగా వింటోంది.

"బండి నా చేతిలో ఉండగా వచ్చిన లోపం కాబట్టి నాదే బాధ్యతండి. మళ్ళీ కడిగి ఇస్తాను."

"అక్కర్లేదు. ఇంక మా ఇంటి ఛాయలకి రావద్దు."

దారిలో బాటిల్ నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ ఇంటికి చేరారు. సతీష్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి రాజబాబు రైలు టిక్కెట్ల కోసం శ్యామ్ బాబు కొట్లో చెప్పి వచ్చాడు.

తెల్లారింది. సత్యప్రియ చీపురు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళింది కానీ ఊడవలేదు. ఆ నవ్వు ఎందుకు వచ్చింది? తప్పు చేసిన మనిషి అలా నవ్వడు. కోపం వచ్చిన మనిషీ నవ్వడు. అది చిన్నపిల్లల చిలిపితనం చూసి నవ్వే నవ్వు.

అప్పుడు కనిపించాయి చీమలు.

పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర మొదలై, నేల మీద సన్నని గీతలా వచ్చి, ముందు టైరు ఎక్కి, లోపలికి వెళ్తున్నాయి. అసలు కారులో చీమలకేం పని? ఆమె బానెట్ లేపింది. అతను పని చేస్తుంటే ఎన్నోసార్లు చూసిందే కదా. చీమల వరస బెల్టుని పట్టించుకోలేదు, బ్యాటరీని పట్టించుకోలేదు. తిన్నగా తెల్ల సీసా మూత చుట్టూ మూగింది.

మూత తిప్పింది. పులిసిన వాసన. ఆ వాసన ఆమెకి తెలుసు. రాత్రి మిగిలిన కొబ్బరినీళ్ళు పొద్దున్నకి అలాగే వాసన వేస్తాయి.

"మూత తీశావా? మంచి పని చేశావు. నా వల్ల కావట్లేదు ఇవాళ, వేళ్ళు నొప్పులు," అంది వెనక నుంచి వీరాయమ్మ. చేతిలో చెంబు.

"అందులో ఏంటి మామ్మా?"

"బొండం నీళ్ళే. ఇప్పుడే కొట్టించాను."

సత్యప్రియ అరుగు అంచు మీద కూర్చుండిపోయింది. "రోజూ పోస్తున్నావా?"

"పొయ్యనా మరి? ఆ కుర్రాడు వేడి, వేడి అంటాడు. మీ నాన్నకి కడుపులో మంటొస్తే ఏమిస్తాం? నీకు జొరం తగిలితే ఏమిస్తాం? దీనికీ అదే. ఆ పచ్చనీళ్ళు చూస్తే చేలో కొట్టే పురుగుమందులా ఉన్నాయి. కోళ్ళు తాగి చస్తాయని డబ్బా పట్టుకెళ్ళి గోతిలో పోసి మట్టి కప్పేశాను." వీరాయమ్మ మనవరాలి ముఖం చూసి ఆగింది. "ఏం, చలవ చెయ్యలేదా?"

సత్యప్రియ పాక వెనక్కి వెళ్ళి సతీష్‌కి ఫోన్ చేసి, బొండం నీళ్ళ సంగతీ కోళ్ళ సంగతీ చెప్పింది.

"మీకు వంతెన దగ్గరే తెలుసు కదూ?"

అవతల షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. "ఆయ్," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"మామ్మగారు అక్కడే ఉన్నారు కదండీ. ఆవిడ చేసింది తప్పని కూడా ఆవిడకి తెలీదు. నలుగురూ వెళ్ళే రోడ్డు మీద, మీ నాన్నగారు ఆ కోపంలో ఆవిణ్ణి ఏమనేవారో. తర్వాత విడిగా చెబుదామనుకున్నాను. ఫోను ఎత్తట్లేదాయన." కాసేపాగి, "ఆవిడ అన్నదీ నిజమేనండి. కోళ్ళు తాగితే చస్తాయి," అన్నాడు.

మధ్యాహ్నం రాజబాబు భోజనానికి కూర్చున్నాడు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడేది వీరాయమ్మ ఒక్కతే. ఇవాళ ఆవిడా మాట్లాడటం లేదు. సత్యప్రియ మజ్జిగ గిన్నె పట్టుకుని తండ్రి ముందు నిలబడింది, వడ్డించకుండా.

"నాన్నగారూ. కారు పాడుచేసింది ఆయన కాదు."

రాజబాబు తలెత్తాడు. ఆమె చీమల దగ్గర నుంచి చెప్పింది. నెమ్మదిగా, పిల్లలకి లెక్క విడమరిచినట్టు, ఒకదాని తర్వాత ఒకటి. గోతిలో పోసిన డబ్బా దాకా.

"అమ్మా?" అన్నాడు రాజబాబు.

"నేనే పోశాను. నీ బండి చల్లగా ఉండాలనే పోశాను," అంది వీరాయమ్మ, గుమ్మం దగ్గర నుంచి. "ఆ కుర్రాణ్ణి తిట్టేవ్, నన్ను తిట్టు."

రాజబాబు తిట్టలేదు. ఆవిడ ముఖం చూశాక తిట్టే మనిషి కాదు. కూతురి వైపు తిరిగాడు.

"అతనికి తెలుసా ఈ సంగతి?"

"వంతెన దగ్గరే తెలుసు. వాసన చూసేరు కదా. మీరు మామ్మని అంటారని ఊరుకున్నారు."

పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోటి కూడా ఉంది నాన్నగారూ." గిన్నెలో మజ్జిగ కదులుతోంది. సత్యప్రియ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "ఈ కారు అంత దూరం రాదని మీకు చెప్పమని నేనే అడిగాను. ఆయన చెప్పనన్నారు. వచ్చే బండిని రాదని చెబితే, తర్వాత తన మాట మీరెందుకు నమ్మాలన్నారు. ప్రయాణం ఆపాలనుకున్నది నేను."

"ఎందుకు?"

"నాకు సింధనూరు వెళ్ళాలని లేదు."

"అతను నిన్నేమన్నా అడిగేడా?"

"నన్నేమీ అడగలేదు. మిమ్మల్ని అడుగుతానన్నారు. ట్రయల్ అయ్యాక."

రాజబాబు కంచంలో మిగిలిన అన్నాన్ని ఒక పక్కకి తోశాడు. మజ్జిగ లేకుండానే చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది.

బయటికి వచ్చేసరికి, పెళ్ళిళ్ళకీ పెద్దమనుషుల దగ్గరికీ వెళ్ళేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. భుజం మీద జరీ అంచు కండువా. వసారాలో వేలాడుతున్న చక్కెరకేళీ గెల దగ్గర ఆగి, కాయలన్నీ చేత్తో నొక్కి చూసి, బాగా పండిన పళ్ళ అత్తం ఒకటి కోశాడు. పద్మావతి గబగబా లోపలికెళ్ళి గుడ్డసంచి తెచ్చి పట్టుకుంది. అతను అందులో పెట్టాడు.

"ఒరేయ్ రాజా, ఎక్కడి..." అని వీరాయమ్మ మొదలుపెట్టబోయింది. పద్మావతి అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపింది. మంచి పని మీద బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు.

సత్యప్రియ కిటికీ దగ్గర నిలబడింది. గేటు దాటి కుడికి తిరిగితే శ్యామ్ బాబు కొట్టు, రైలు టిక్కెట్లు. ఎడమకి తిరిగితే కాలవ మీద వంతెన, అవతల సతీష్ షెడ్డు, దాని వెనకే వాళ్ళ నాన్న కనకరాజు గారి ఇల్లు.

రాజబాబు చెప్పులు వేసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా గేటు తీసుకుని ఎడమకి తిరిగి వెళ్ళిపోయాడు.